ఉభయకుశలోపరి: ప్రవాసి పునరాగమనమున క్షేమవార్తా విచారము

తెలుగువారి లేఖలలో సంబోధనమునకు పిమ్మట నిలుచు "ఉభయకుశలోపరి" యను మాటను విమర్శకులు లేఖకుల యాచారముగా మాత్రమే యెంచి యుపేక్షించిరి. ఉభయులకును కుశలము, ఆపై విశేషము లివి యని దాని భావము. కుశలము పునాది, తక్కిన వార్త దానిపై లేచిన కట్టడము. ఇల్లు విడిచి దూరదేశమున బహుకాలముండి తిరిగివచ్చువాని కథలను కావ్యములందు పరిశీలించినచో ఈ చిన్నమాటయందే వాని కీలకమంతయు నున్నట్లు తేటపడును. తిరిగివచ్చువాని మనస్సును కలచునది మార్గాయాసము కాదు. తాను దూరమున విన్న కుశలమునకును, గడపదాటి కన్నులార చూచిన కుశలమునకును గల యంతరమే వానిని కలచును. ఈ యంతరమే యిచ్చట విచార్యము.

ఈ విచారము గ్రంథములకు మాత్రమే చెందినది కాదు. 2016కు పూర్వపు కరీంనగర, ఆదిలాబాదు మండలములలో ప్రవాసమెఱుగని గ్రామము దొరకుట కష్టము. నిజాము రాజ్యమునుండి బొంబాయికి పోయి రాళ్లు మోసిన కామాటీల పేరు ఆ నగరమున నొక పేటకే నిలిచినది. సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలీలు భీవండి, షోలాపూరు, సూరతు నగరముల మగ్గములకు పోయిరి. 1973లో చమురు వెల పెరిగిన పిమ్మట జగిత్యాల, కోరుట్ల, మెట్పల్లి, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి కూలీలు దుబాయి, మస్కటు, సౌదీ, బహరేను, కువైటు దేశములకు వేలకొలది వెడలిరి. వారి యిండ్లలో పుట్టిన జాబులు, పాటలు, టేపులలో నింపి పంపిన మాటలు ఒక వాఙ్మయమే. బిరుదురాజు రామరాజుగారి "తెలుగు జానపదగేయ సాహిత్యము" 1958లో వెలువడినది గనుక గల్ఫు పాటలు దానిలో చేరుట కవకాశము లేదు. తరువాతివారికి అట్టి యడ్డంకి లేదు. ఉన్నది ఆలంకారికుల యడ్డంకి.

అది యెట్టిదనగా: మన లక్షణకర్తలు ప్రవాసమును విప్రలంభశృంగారమున నొక భేదముగా నిరూపించిరి. పూర్వరాగము, మానము, ప్రవాసము, కరుణము అని విభాగము. పతి దూరదేశమున నుండగా పరితపించు నాయికకు ప్రోషితభర్తృక యని పేరుంచి అష్టవిధనాయికలలో నొకతెగా గణించిరి. మంచిదే. కాని కొడుకు దూరముపోయిన తల్లికి పేరేది? ప్రోషితపుత్ర యను పదమును లక్షణగ్రంథములందు వెదకి ప్రయోజనము లేదు. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు వత్సలమును రసముగా నంగీకరించినను, దూరముననున్న బిడ్డను, మంచముపట్టిన తల్లిని, వారి నడుమ నడచు వార్తను ఒకచోట చేర్చి చూచు దృష్టి శాస్త్రమున స్థిరపడలేదు. అందువలననే వలసపాటలను పరిశీలించువారు భార్యావిరహము పలికిన పాటలనే యేరుకొని, అవ్వ దగ్గు, బాపు చూపు తఱుగుట, చెల్లెలి జ్వరము చెప్పిన పాటలను "సామాన్యవిషయములు" అని పక్కకు నెట్టుచున్నారు. శాస్త్రమున గది లేనిచో వస్తువే లేదనుట విమర్శ కాజాలదు.

శాస్త్రము విడిచినను ఆదికవి విడువలేదు. పునరాగమనమునకు వాల్మీకి యయోధ్యాకాండమందలి భరతుని రాకకు మించిన యుదాహరణము మఱియొకటి లేదు. దశరథుడు మృతుడైనాడు. కొడుకు లేనిదే రాజునకు దహనము చేయించుటకు మంత్రు లొప్పుకొనలేదు. శరీరమును తైలద్రోణియం దుంచిరి. వసిష్ఠుడు సిద్ధార్థ, విజయ, జయంత, అశోక, నందనులను దూతలను పిలిచి, రాముని యరణ్యగమనమును గాని తండ్రి మరణమును గాని భరతునకు చెప్పవలదని కట్టడిచేసి పంపెను. వారు గిరివ్రజమునకు చేరిన రాత్రియే భరతుడు దుఃస్వప్నమును కనెను. ఉదయమున దూతలు నిలువగా నతడు ఒక్కొక్కరి పేరు చెప్పి కుశలమడిగెను. తండ్రి కుశలమా? రామలక్ష్మణులకు ఆరోగ్యమా? కౌసల్య యెట్లున్నది? సుమిత్ర యెట్లున్నది? కడపట తన తల్లిని గుఱించి యడుగుచు, ఆమె స్వార్థపరురాలనియు కోపస్వభావ యనియు తన తెలివిని తానే మెచ్చుకొనునదనియు చెప్పి, ఆమెకు రోగమేమియు లేదు గదా యని యడిగెను. ఇట్టి తల్లినిగూడ ఆరోగ్యమడుగక విడువని కొడుకును వాల్మీకి యీ యొక్క ప్రశ్నలోనే మన కన్నులయెదుట నిలిపెను.

దూతల యుత్తరము మిక్కిలి చిన్నది. నీవు ఎవరి కుశలమును కోరుచున్నావో వారు కుశలముగ నున్నారు, రథమును పూన్పుము అని. పండితులలో కొందఱు దీనిని అనృతమనిరి, కొందఱు రాజకార్యమునకై చెప్పిన క్షంతవ్యమైన మాట యనిరి. ఇరువాదములును కవి మాటకు చేరువగా పోవుటలేదు. దూతలు ఏ యొక్కరి పేరును చెప్పలేదు. భరతుడు పేరుపేరున నడిగెను, వారు అందఱిని కలిపి యొక్కమాటలో ముడిచిరి. కుశలవార్తలో పేరులు తగ్గినకొలది మఱుగు పెరుగును. ఈ సూత్రము నేటి జాబులకును చెల్లును. "అవ్వ మంచిగున్నది, బాపు మంచిగున్నడు" అని విడివిడిగా వ్రాయుచుండినవారు ఒకానొక నెలలో "అందరం మంచిగున్నం" అని మాత్రమే వ్రాసినచో చదువువాడు అనుమానింపవలెను.

వసిష్ఠుడు పంపిన సందేశపు రూపమునుగూడ గమనింపవలెను. పురోహితుడును మంత్రులును కుశలమడిగిరి, త్వరగా బయలుదేరుము, నీవలన కావలసిన అత్యవసరకార్య మున్నది అని దాని సారము. భారతదేశమున 2013 జూలై వఱకు నడచిన తంతివార్తలయందు "తల్లి సీరియస్, వెంటనే రమ్ము" అనెడి మాట యొకటి రూఢమై యుండెను. దానిని అందుకొన్నవాడు తల్లి యప్పటికే లేదని గ్రహించుచుండెను, గ్రహించియు ఆశను విడువక బయలుదేరుచుండెను. వసిష్ఠుని వార్త యీ జాతికి మూలపురుషుడు.

ఏడు రాత్రులు మార్గమున గడపి భరతుడు దూరమునుండి అయోధ్యను చూచెను. నగరమున ధ్వని లేదు, ఉద్యానములయందు జనులు లేరు. ద్వారపాలకులు జయవాక్యములు పలికిరి గాని యెవ్వరును వార్త చెప్పలేదు. తండ్రి మందిరమున తండ్రి లేడు. అతడు తల్లి యింటికి పోయెను. అంతట వచ్చును అత్యంతదారుణమైన ఘట్టము. భర్త శరీరము నూనెతొట్టిలో నుండగా కైకేయి కొడుకును దగ్గఱకు తీసి, ఎన్ని రాత్రులైనది బయలుదేరి, నా తండ్రి కుశలమా, మేనమామ యుధాజిత్తు కుశలమా యని తన పుట్టింటి క్షేమమును ముందు అడిగెను. ప్రశ్నలన్నిటికి బదులు చెప్పిన పిమ్మటనే అతడు తండ్రి పాన్పు శూన్యముగా నేల యున్నదని యడుగగలిగెను. ఆమె అప్రియమును ప్రియమువలె చెప్పెను. కవి వాడిన భావము ఇదియే.

ఇందుండి తేలున దేమన, వసిష్ఠుని మఱుగు దోషము కాదు. ఆ మఱుగును విప్పినవారి నోటనే దోషమున్నది. విప్పవలసిన మాటను ప్రేమగలవారు విప్పవలెను. దూతలు దాచిన వార్తను కౌసల్య చెప్పియున్నచో కథ యొక్క కరుణ మఱియొక త్రోవను పోయియుండును. వార్తను విన్న భరతుడు తండ్రి చేతిని తలచుకొనును. ప్రయాణముచేసి ధూళి మీదపడి వచ్చినప్పుడెల్ల తన మేనిని తుడిచెడి ఆ మెత్తని చేయి యెక్కడ నున్నదని యడుగును. ఇంటికి తిరిగివచ్చుట యన నేమో ఇంతకంటె సూటిగా చెప్పిన కవి లేడు. మన తెలుగు రామాయణకర్తలలో మొల్ల అయోధ్యాకాండమును మిక్కిలి సంగ్రహించినది. భాస్కరరామాయణమున ఆ కాండము కుమారరుద్రదేవుని రచన యని ప్రసిద్ధి. ఈ ఘట్టము కథాంశముగా కాక కుశలప్రశ్నల వరుసగా చదువబడినపుడే దాని బలము తెలియును, అట్లు చదివించు వ్యాఖ్య తెలుగున నుండుట యవసరము.

అదే కావ్యమున రెండవ పునరాగమనమున్నది. పదునాలుగేండ్లు నిండినపిమ్మట రాముడు భరద్వాజాశ్రమమున దిగి, పురము సుభిక్షమా, అనామయమా, భరతుడు సన్మార్గమున నున్నాడా, తల్లులు జీవించియున్నారా యని యడుగును. చివరి ప్రశ్నను ఆరోగ్యముగ నున్నారా యని కాక జీవించియున్నారా యని యడుగుటలో పదునాలుగేండ్ల భారమున్నది. కుశలప్రశ్నమునకు మనుస్మృతి వర్ణమును బట్టి నాలుగు మాటల నేర్పఱచెను. బ్రాహ్మణుని కుశలమును, క్షత్రియుని అనామయమును, వైశ్యుని క్షేమమును, శూద్రుని ఆరోగ్యమును అడుగవలెనని విధి. తల్లుల విషయమున రాముని నోట ఆ నాలుగింటిలో నేదియు రాలేదు. మర్యాద యెఱిగినవాడే మర్యాదపదమును దాటి ప్రాణమును గుఱించి నేరుగా నడిగెను. ఆపై హనుమంతుని నందిగ్రామమునకు ముందు పంపెను. వార్త చెప్పుటకు మాత్రమే కాదు, భరతుని ముఖభావమును చూచి వచ్చుటకు. హనుమంతుడు చూచినది కృశించిన మేను, జడలు, ఫలమూలములపై నిలిచిన ప్రాణము. మొదటి రాకలో దూతలు వచ్చువానికి దాచిరి. రెండవ రాకలో దూత ముందు పోయి ఇంటివానిని పరీక్షించెను. వార్త రెండు దిక్కుల నడచునని, రెండు దిక్కులను దేహములు మాఱుచుండునని ఈ రెండింటిని కలిపి చదివినగాని తెలియదు. "ఉభయ" శబ్దమునకు అర్థమిదియే.

మేఘసందేశమునకు వచ్చినచో స్థలవిచారము కొంత కలదు. యక్షుడు వసించిన రామగిరిని మల్లినాథుడు చిత్రకూటమనెను. ఆధునికులు నాగపురసమీపపు రాంటెక్ అందురు. పెద్దపల్లి ప్రాంతమునను రామగిరి కలదు, దానిపై కోట కలదు, శ్రీరాము డచ్చట వసించెనని ప్రజల నమ్మిక. మల్లినాథుడు మెదకు ప్రాంతపు కొలిచెలమవాడయ్యు తన యింటి చేరువనున్న కొండను విడిచి దూరపు కొండను చెప్పుట అతని నిష్పాక్షికతకు గుర్తు. ఇప్పటివారు కొందఱు స్వస్థలాభిమానముతో కాళిదాసును తమ యూరికి తెచ్చుకొను ఉత్సాహమును ఇది కొంత చల్లార్పవచ్చును. ఇచ్చట కావలసినది కొండ కాదు, యక్షుని సందేశపు మొదలు. మేఘుడు ఆమెను మొట్టమొదట "అవిధవా" యని పిలువవలెను. అనగా నీ భర్త బ్రదికియున్నాడను వార్త సంబోధనమునందే చెప్పబడినది. ఆపైననే కుశలప్రశ్న. ఆపదలు సులభముగ పైబడు ప్రాణులను ముందుగా అడుగదగినది కుశలమే యని యక్షుడు కారణముగూడ చెప్పును. ఉభయకుశలోపరి యను లేఖాచారమునకు ఇంతకు మించిన సమర్థనము దొరకదు. కాని యక్షుడు భార్య కృశించినదని తానే యూహించి, ఆ రూపమును మేఘునకు వర్ణించి చెప్పును. వార్త రాకమునుపే దేహమును ఊహించుట ప్రవాసుల స్వభావము. గల్ఫు పాటలలో కొడుకు అవ్వ చేతి యెముకలను లెక్కించు భావము వచ్చినప్పుడు దానిని మొఱకుతనమని కొట్టివేయువారు యక్షుని యూహలను మఱల చదువవలెను.

నడుమ నొక యాత్రికుడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, హైదరాబాదు దాటి, నిర్మల మీదుగా నాగపురపు బాట పట్టి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. తన ప్రయాణమును మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్లకు తెలుపుచు వ్రాసినదే 1838లో అచ్చయిన కాశీయాత్రచరిత్ర. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమనెడి సామెత ఆనాడు వట్టిమాట కాదు. వీరాస్వామయ్య పెద్ద పరివారముతో, అధికారపు పలుకుబడితో నడచినవాడు. అదే బాటలోని నిర్మలనుండి నూటయేబదియేండ్ల తరువాత అరబ్బు దేశమునకు పోయిన కూలికి పరివారమును లేదు, బాటలో మర్యాదలును లేవు. అతనికున్నది అప్పు.

ఈ అప్పే ప్రస్తుతవిచారమునకు మూలము. వీసా కొఱకు ఏజంటుకు కట్టిన సొమ్ము వడ్డీకి తెచ్చినది. ఆ దేశమున పనివాని రాకపోకలు కఫీలు చేతిలో నుండినవి, పాసుపోర్టుగూడ పెక్కుచోట్ల అతని పెట్టెలోనే యుండెడిది. రెండేండ్ల గడువు నిండనిదే సెలవు దొరకదు. ఇట్టివానికి "అవ్వకు పక్షవాతము వచ్చినది" అని వ్రాసినచో ఏమగును? వాడు రాలేడు. రాలేక అచ్చటనే కుమిలి, ఎత్తైన కట్టడముపై పనిచేయుచు మనస్సు తప్పి జారిపడవచ్చును. లేదా చెప్పక పాఱిపోయి చట్టవిరుద్ధుడై చిక్కుకొనవచ్చును. కనుక ఇంటివారు దాచుదురు. వసిష్ఠుడు దాచినది భరతుడు రావలెనని. కరీంనగరపు తల్లి దాచునది కొడుకు రాకుండవలెనని. దూతవాక్యము రెండుచోట్లను ఒక్కటే, ప్రయోజనము తలక్రిందులైనది. ప్రాచీనకథతో ఈ కథలను సరిపోల్చి "అనుకరణము"లని తీర్పుచెప్పినవారు ఈ తలక్రిందులను గమనింపలేదు. మరణము తెలిసియు రాజకుమారుడు ఏడు దినములలో రాగలడు. తల్లి జ్వరము తెలిసియు కూలి రెండేండ్లు రాలేడు. వార్త తెలిసియు కదలలేకపోవుట యనెడి దుఃఖమునకు మన యలంకారశాస్త్రమున స్థాయి లేదు, సంచారి లేదు.

దీనికి పూర్వపక్షము కలదు, అది బలమైనదే. దాచుట యను పేరిట తల్లిని కడసారి చూచు హక్కునే ఆ కొడుకునకు లేకుండ చేయుచున్నారు గదా? తెలిసినచో ఎవరి కాళ్లనైన పట్టుకొని వచ్చియుండునేమో? ఈ ప్రశ్నను పాటలే అడుగుచున్నవి. తిరిగివచ్చినవాడు చెల్లెలిని, వదినను నిలదీయుటయే పెక్కు పాటలకు మూలసన్నివేశము. "నాకెందుకు చెప్పలే" అనెడి ప్రశ్నకు ఎదుటివారికి సమాధానము దొరకదు. సమాధానము దొరకకుండుటయే ఆ పాటల విలువ. దాచినవారిని దుష్టులుగా చిత్రించిన పాటయు, త్యాగమూర్తులుగా చిత్రించిన పాటయు రెండును చప్పనివి.

ఇచ్చట బడిపంతులు చోటును మఱువరాదు. వ్రాతరాని యిండ్లకు ఆయనయే దూత. జాబు వ్రాయించుకొనుటకు వచ్చిన తల్లి చెప్పిన దొకటి, వ్రాయుమన్న దింకొకటి. "నా పానం మంచిగ లేదని రాయకు పంతులూ" అని ఆమె యనగా ఆయన కలమాపి ఉభయకుశలోపరి యని వ్రాయవలెను. అటునుండి వచ్చిన జాబును చదివి వినిపించుటయు ఆయన పనియే. కొడుకు తన చేయి విరిగిన సంగతిని పంతులుకు మాత్రమే తెలియునట్లు క్రింద చిన్న యక్షరములలో వ్రాసినచో, ఆ పంక్తిని మింగి తక్కినది చదువవలెను. జయంతాదులకు వసిష్ఠుని యాజ్ఞ యొక్కటే. పంతులునకు రెండు దిక్కులనుండి రెండు ఆజ్ఞలు. ఈ చదువరి లేఖకులు వార్త తెలిసిన భారమును ఏండ్లతరబడి మోసిరి. వారిని గుఱించిన కథ తెలుగున ఇంకను విస్తరింపవలసియున్నది.

"పానము" అను మాట నిఘంటుకారుల దృష్టికి రావలెను. ప్రాణశబ్దమునకు తద్భవమగు నీమాట ఈ ప్రాంతమున జీవమును, దేహమును, ఆరోగ్యమును మూడింటిని చెప్పును. "పానం పోయింది" అన్న మరణము, "పానం మంచిగ లేదు" అన్న వ్యాధి, "పానం గుంజుతున్నది" అన్న ప్రేమ. తల్లుల విషయమున రాముడు ఆరోగ్యపదమును విడిచి ప్రాణమును పట్టుకొనుటకు కారణము ఈ పలుకుబడిలో సహజముగ నున్నది. అట్లే పారసీకపు సుస్తి, బీమారి, ఇంగ్లీషు సీరియస్ అను మూడు మాటలు ఇచ్చట మెట్లవలె నిలిచినవి. "జర సుస్తయింది" అన్న జాబున సగము దాపఱికము, "బీమారయింది" అన్నచో పావు దాపఱికము, "సీరియస్" అన్నచో అంతయు ముగిసినట్లు. తంతివార్త పోయినను ఆ మాట పోలేదు.

1980ల నాటికి జాబులతోడ టేపు క్యాసెట్లు పోవ నారంభించెను. సెలవున వచ్చిన పొరుగూరివాడు టేపురికార్డరు తెచ్చినచో ఇల్లంతయు దానిచుట్టు కూర్చుండి మాటలాడి, ఆ టేపును తిరిగిపోవువాని చేతికిచ్చెడివారు. వ్రాతలో దాగిన వార్త గొంతులో దాగదు. ఈ ప్రాంతపు స్త్రీలకు బీడీలు చుట్టుట జీవనము. పగలంతయు తంబాకు చేటను ముందుంచుకొని కూర్చున్నవారి ఛాతీ సంగతి చెప్పనక్కఱలేదు. "మంచిగనె ఉన్న కొడుకా" అను మాటకు ముందు వచ్చిన దగ్గును టేపు దాచలేదు. కొడుకు ఆ టేపును వెనుకకు తిప్పి దగ్గునే మఱల మఱల వినెను అనెడి భావము పాటలకు వస్తువైనది. లిఖితమున కుశలము పదముచేత చెప్పబడును, శ్రావ్యమున శ్వాసచేత చెప్పబడును. ధ్వనిసిద్ధాంతమునకు ఇంత సూటియైన యుదాహరణమును ఆనందవర్ధనుడుగూడ కోరియుండడు. ఆ టేపులపై పాటలు తిరిగి నింపుకొన్నవారు కొందఱు, అటకపై బూజునకు విడిచినవారు కొందఱు. కాకతీయుల శిలాశాసనములకు ప్రతికృతులు తీయుట యెంత పరిశోధనమో, మిగిలిన ఈ టేపులను వెదకి ఇంటివారి యనుమతితో ప్రతులెత్తి యుంచుటయు అంతటి పరిశోధనమే. అయస్కాంతపు పూత శిలవలె వేయేండ్లు నిలువదు.

తైలద్రోణికి సాటియైనది నేటి యూళ్లలో కలదు. తండ్రి మరణించినచో దుబాయిలోని కొడుకు వచ్చువఱకు శరీరము నుంచుటకు అద్దెకు తెచ్చెడి మంచుపెట్టె. కొడుకు లేనిదే దహనము తగదను అయోధ్యామంత్రుల మాటనే కులపెద్దలు చెప్పుదురు. పెట్టెకు దినమునకింత యని అద్దె. విమానము దొరకిన వార్త వచ్చును, టికెట్టు దొరకలేదను వార్త వచ్చును, అద్దముపై తడిని ఎవరో తుడుచుచుందురు. 2020 మార్చిలో విమానయానము నిలిచిపోయినపుడు ఈ నిరీక్షణముగూడ లేకపోయెను, కొడుకులు చేతిఫోనులో చితిని చూచిరి. దీనికి విపర్యయముగా కొడుకే పెట్టెలో తిరిగివచ్చుటయు ఈ మండలములకు క్రొత్త కాదు. కాగితములు తేలువఱకు వారములకొలది పరదేశపు శీతలగృహమున వాని శరీర ముండును. అప్పుడు ద్రోణి అచ్చటను, నిరీక్షణము ఇచ్చటను. వాల్మీకి రామాయణమున నూనె కొన్ని పంక్తులలోనే ముగియును. ఈ కథలను వ్రాయువారు మంచుపెట్టె కడనే యెక్కువసేపు నిలుచుట న్యాయమే.

పరదేశపు కావ్యములలో హోమరు ఒడిస్సీ ఈ విషయమున తోడ్పడును. ఇరువదియేండ్లకు ఇల్లుచేరిన ఒడిస్యూసు తల్లి మరణమును ఇంటికి రాకమునుపే ప్రేతలోకమున ఆమె నోటనే వినెను. ఆమెను చంపినది రోగము కాదు, కొడుకుపై బెంగ. తండ్రి లయర్టీసు చినిగిన బట్టలతో తోటలో చెట్లమొదళ్లు త్రవ్వుచుండెను. ముసలికుక్క యొకటి వానిని గుర్తించి తోకనాడించి ప్రాణము విడిచెను. విచిత్రమేమన, అంత కృశించిన తండ్రిని చూచియు ఒడిస్యూసు వెంటనే తన్ను తెలుపక కల్పితకథ చెప్పి పరీక్షించెను. ముసలివాడు దుమ్మెత్తి తలపై పోసికొన్న పిమ్మటనే కౌగిలించుకొనెను. ఇచ్చట దాచినవాడు వచ్చినవాడే. ఆ దాపఱికమునకు ప్రయోజనము లేదని విమర్శకులు పలుకాలములనుండి తర్కించుచున్నారు. గల్ఫునుండి వచ్చినవాడు తన మూత్రపిండముల రోగమును దాచి, సబ్బులు, సెంటుసీసాలు, దుప్పట్లు నిండిన పెట్టెను విప్పి అందఱికిని పంచుట దానికి చేరువైన దృశ్యము. ఇతని దాపఱికమునకు మాత్రము ప్రయోజనము కలదు: ఆ యొక్క సాయంకాలము.

దృశ్యకావ్యములలో 2023లో వచ్చిన వేణు యెల్దండి "బలగం" చలనచిత్రము సిరిసిల్ల ప్రాంతపు పలుకుబడితో, ఆచారములతో నిర్మితమైనది. ముసలి కొమురయ్య మరణించును. భోజనమున నల్లిబొక్క కొఱకు పుట్టిన తగవుతో ఇరువదియేండ్లు పుట్టింటి గడపత్రొక్కని కూతురు తండ్రి పోయిన పిమ్మట వచ్చును. కాకి పిండము ముట్టదు. దూరము సముద్రముది కాదు, కొన్ని క్రోసులది. అయినను ఆమె రాక భరతుని రాకయే, వచ్చునప్పటికి తుడిచెడి చేయి లేదు. చిత్రమున హాస్యము కొన్నిచోట్ల పలుచబడినను, కడపట పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బుడగజంగాల ఫక్కిలో పాడిన పాట యా లోపమును కప్పినది. దానిని గ్రామములలో ఒక్కచోట చేరి చూచినవారు తమ తమ తగవులను తలచుకొనిరనుట లోకవిదితము.

ఇప్పుడు చేతిఫోనున ముఖమే కనబడుచుండగా దాచుట కవకాశమేది యని శంకింపవచ్చును. ఆచారము చావలేదు, రూపము మార్చుకొన్నది. తల్లి ముఖము కనబడునట్లు, మంచము కనబడకుండునట్లు ఫోనును పట్టువారు పట్టుదురు. శమ్షాబాదు విమానాశ్రయమునకు బండి కట్టించుకొని పోయిన బావమఱదులు వచ్చినవానిని నడుమ కూర్చుండబెట్టుకొని, నీళ్లు త్రాగించి, కామారెడ్డి దాటువఱకు పంటల సంగతి, వానల సంగతి చెప్పుచుందురు. వాడు పేరుపేరున అడుగును. అవ్వ యెట్లున్నది, బాపు యెట్లున్నడు, చిన్నమ్మ యెట్లున్నది. ముందుసీటున నున్నవాడు వెనుకకు తిరుగక, "అందరు మంచిగున్నరు బావా, జర కన్ను మూయి, ఇంక రెండు గంటల తొవ్వ" అనును.